ఈ మాటకు ప్రయోగం ఉందా? – గ్రీకుల విందు కబుర్లు

అందరికీ నమస్కారం.

పొద్దున ఆహ్వానపత్రం మరోసారి చూసుకున్నాను. "సింపోజియం" అని పెద్దక్షరాల్లో వేశారు. ఆ మాటకు అసలు అర్థం తెలిస్తే కార్డు అచ్చుకిచ్చే ముందు నిర్వాహకులు కాస్త తటపటాయించేవారేమో. గ్రీకులో "సిమ్" అంటే కలిసి, "పోసిస్" అంటే తాగడం. కలిసి తాగడం, అంతే. పత్రసమర్పణ, సమన్వయకర్త, వందన సమర్పణ – ఇవేవీ ఆ మాటలో లేవు. మధ్యలో టీ ఇస్తామన్నారు కాబట్టి పేరు కొంతవరకు సార్థకమేలెండి. (నవ్వులు)

ముందే ఒక మాట ఒప్పుకుంటాను. నేను గ్రీకు పండితుణ్ణి కాను. ఆకుపచ్చ అట్టల లోబ్ సంపుటాలు ఉంటాయి చూశారూ, ఎడమ పేజీలో గ్రీకు, కుడి పేజీలో ఇంగ్లీషు, ఆ కుడి పేజీలు చదువుకున్నవాణ్ణి. ఎడమ పేజీ వైపు గుళ్లో దేవుణ్ణి చూసినట్టు అప్పుడప్పుడు చూస్తుంటాను.

సరే, విందు ఎక్కడ జరిగేదో ముందు చూద్దాం. కాస్త కలిగినవాళ్ల ఇంట్లో "ఆండ్రోన్" అని ఒక గది ఉండేది. మగవాళ్ల గది. నాలుగు గోడల వెంట మంచాలు, ఏడో పదకొండో. ఒక్కో మంచం మీద ఇద్దరు, ఎడమ మోచేయి దిండు మీద ఆనించి, కుడిచేత్తో తింటూ, సగం పడుకున్నట్టుగా ఉండేవారు. తవ్వకాల్లో ఈ గదిని గుర్తుపట్టడం తేలికంటారు. గుమ్మం గోడకు నడిమధ్యలో ఉండదు, ఓ పక్కకు జరిగి ఉంటుంది. మంచాల వరస కుదరాలంటే గుమ్మమే జరగాలి మరి.

ముందు భోజనం. అది అయ్యాక బల్లలు తీసేసి, నేల ఊడ్చి, చేతులకు నీళ్లు ఇచ్చి, తలకు పూలదండలు చుట్టుకుని, దేవుళ్ల పేర నాలుగు చుక్కలు ధారపోసి, ఒక స్తోత్రం పాడి, అప్పుడు మొదలుపెట్టేవారు సింపోజియం. అంటే తిండి వేరు, తాగుడు వేరు. నడిమధ్యన పెద్ద గంగాళం. దాన్ని క్రేటర్ అంటారు. అందులో ద్రాక్షసారాయిని నీళ్లతో కలుపుతారు. ఒక పాలు సారాయికి మూడు పాళ్ల నీళ్లు, లేకపోతే రెండుకి ఐదు. నీళ్లు కలపకుండా తాగేవాణ్ణి మోటువాడి కింద, ఉత్తరాది సంచారజాతి సిథియన్ల బాపతు కింద జమకట్టేవారు. పాళ్లు ఎంత, ఎన్ని గంగాళాలు, గిన్నె పెద్దదా చిన్నదా అనేది తేల్చడానికి ఆ రాత్రికి ఒకణ్ణి పెద్దగా ఎన్నుకునేవారు. పాటలూ ఉండేవి. ఒకడు ఒక పాదం పాడితే ఇంకొకడు అందుకోవాలి, చేతిలో ఉన్న కొమ్మ అతనికి అందుతుంది. మన పిల్లలు రైల్లో ఆడే అంత్యాక్షరి గుర్తొస్తుంది నాకు.

యూబ్యులస్ అని క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దపు హాస్య నాటకకర్త ఒకాయన ఈ గంగాళాల లెక్క చెప్పాడు. ద్రాక్షసారాయి దేవుడు డయోనిసస్ చేత చెప్పించాడు. బుద్ధిమంతులకు నేను మూడే కలుపుతానంటాడు దేవుడు. మొదటిది ఆరోగ్యానికి, రెండోది ప్రేమకు, మూడోది నిద్రకు. మూడోది అయ్యాక తెలివైనవాడు ఇంటిముఖం పడతాడు. నాలుగోది ఇక నాది కాదు, అది పొగరుది. ఐదోది అరుపులది, ఆరోది వీధిలో చిందులది, ఏడోది కమిలిన కళ్లది, ఎనిమిదోది కోర్టు సమనుది, తొమ్మిదోది పిత్తానిది. పదోది పిచ్చిది, చేతికి దొరికినవన్నీ విసిరేయించేది.

విసిరేసిన కథ నిజంగానే ఒకటుంది. సిసిలీలో ఆక్రగాస్ అనే ఊరు. ఒక ఇంట్లో కుర్రాళ్లు తాగి తాగి, తామొక ఓడలో ఉన్నామనీ సముద్రంలో తుపాను పట్టుకుందనీ నమ్మేశారు. బరువు తగ్గించకపోతే ఓడ మునుగుతుంది కదా! మంచాలు, పరుపులు, సామాను మొత్తం కిటికీల్లోంచి బయటకు విసిరేశారు. వీధిలో జనం పోగై దొరికింది దొరికినట్టు పట్టుకుపోయారు. మర్నాడు అధికారులు వచ్చేసరికి వీళ్లకింకా సముద్రపు వాంతులు తగ్గలేదు. వాళ్లలో పెద్దవాడొకడు అన్నాడూ, "అయ్యా, భయంతో నేను ఓడ అడుగున దాక్కున్నాను." సరే పొండి అని వదిలేస్తే, "మేం గనక ఒడ్డు చేరితే సముద్ర దేవతల పక్కన మీ విగ్రహాలు కూడా నిలబెడతాం" అని ఆ అధికారులకు మొక్కుకున్నారట. (నవ్వులు) ఆ ఇంటికి "మూడు తెడ్ల వరసల ఓడ" అన్న పేరు స్థిరపడిపోయింది. ఇది చరిత్రకారుడు టిమయస్ రాశాడు. టిమయస్ పుస్తకం ఇప్పుడు లేదు. యూబ్యులస్ నాటకమూ లేదు. మరి ఈ రెండూ మనకెలా తెలిశాయి? ఆ జవాబు కోసమే ఇవాళ్టి ప్రసంగం. కాసేపు అట్టే పెట్టండి.

విందుకీ జ్ఞాపకానికీ గ్రీకుల్లో విచిత్రమైన లంకె ఒకటుంది. సైమొనిడీస్ అనే కవి కథ మీలో కొందరు వినే ఉంటారు. రోమన్ వక్త సిసిరో చెబుతాడు. థెస్సలీలో స్కోపస్ అనే ధనవంతుడి విందులో సైమొనిడీస్ ఆయన మీద పద్యం పాడాడు. పద్యంలో సగం కవలదేవుళ్లు కాస్టర్, పోలక్స్‌ల పొగడ్త. స్కోపస్‌కి మండింది. "ఒప్పుకున్నదాంట్లో సగమే ఇస్తా, మిగతాది ఆ దేవుళ్లని అడిగి తీసుకో" అన్నాడు. కాసేపటికి ఎవరో ఇద్దరు కుర్రాళ్లు గుమ్మం దగ్గర మీకోసం నిలబడ్డారని కబురొచ్చింది. సైమొనిడీస్ బయటికి వెళ్లాడు. అక్కడెవరూ లేరు. ఈలోగా వెనక ఇంటి పైకప్పు కూలిపోయింది. లోపలున్న వాళ్లంతా పోయారు, ఏ శవం ఎవరిదో బంధువులే గుర్తుపట్టలేనంతగా. అప్పుడు సైమొనిడీస్ ఎవరు ఏ చోట ఆనుకుని ఉన్నారో ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుని ఎవరి వాళ్లను వాళ్లకు అప్పగించాడు. చోటును బట్టి జ్ఞాపకం పెట్టుకునే విద్య అక్కడ పుట్టిందంటారు. క్వింటిలియన్ లాంటి వాళ్లు ప్రాచీనకాలంలోనే ఈ కథని శంకించారు. నాకు మాత్రం విందు సాహిత్యం మొత్తానికి ఇదే తొలి బొమ్మలా కనిపిస్తుంది. కూలిపోయిన గది, మిగిలిన ఒక మనిషి, ఎవరెక్కడ కూర్చున్నారో చెప్పడం.

ఇప్పుడు ప్లేటో. ఆయన "సింపోజియం" గురించి మాట్లాడితే అందరూ ప్రేమతత్త్వం దగ్గరికి పరుగెడతారు. నేనిక్కడ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూస్తాను. క్రీస్తుకు పూర్వం 416లో అగథాన్ అనే కుర్ర కవి తన తొలి విషాద నాటకానికి బహుమతి కొట్టాడు. ఆ సంబరానికి విందు. సోక్రటీస్ స్నానం చేసి చెప్పులు వేసుకుని బయల్దేరాడు, ఇవి రెండూ ఆయన విషయంలో అరుదే. దారిలో అరిస్టొడీమస్ అనే శిష్యుణ్ణి పిలవని పేరంటానికి వెంటబెట్టుకున్నాడు. తీరా ఇంటికొచ్చేసరికి అరిస్టొడీమస్ ఒక్కడే ఉన్నాడు. సోక్రటీస్ పక్కింటి అరుగు దగ్గర ఆలోచనలో పడి నిలబడిపోయాడు. భోజనం సగమయ్యాక వచ్చాడు.

ఇంతకీ ఏం వడ్డించారు? పుస్తకమంతా వెతకండి, ఒక్క పదార్థం పేరు ఉండదు. చేపా, మాంసమా, పప్పా, ఏమీ లేదు. క్రితం రోజు తాగింది ఇంకా దిగలేదు కాబట్టి ఈ పూట ఎవరి ఇష్టం వాళ్లది అనుకున్నారు. సన్నాయి లాంటి ఆవులోస్ వాయించే పిల్లని "నీలో నువ్వు వాయించుకో, లేకపోతే లోపల ఆడవాళ్ల దగ్గర వాయించు" అని పంపేశారు. అగథాన్ తన బానిసలతో ఒక మాటంటాడు: "ఇవాళ మీరే ఇంటివాళ్లనుకోండి, మమ్మల్నందరినీ మీరే భోజనానికి పిలిచారనుకోండి, మాచేత మెప్పు పొందండి." ఔదార్యంలాగే వినిపిస్తుంది. కానీ రాత్రంతా జరిగిన ఆ గొప్ప ప్రేమచర్చలో వాళ్లలో ఒక్కరికీ ఒక్క మాట రాలేదు. డయొటిమా అనే స్త్రీ చెప్పిన మాటలే పుస్తకానికి శిఖరం, ఆమె కూడా గదిలో లేదు. సోక్రటీస్ నోటిమీదుగా వచ్చిందంతే.

మధ్యలో హాస్య నాటకకర్త అరిస్టోఫనీస్ వంతు వచ్చేసరికి ఆయనకు ఎక్కిళ్లు పట్టుకుంటాయి. ఎరిక్సిమకస్ అనే వైద్యుడు ఊపిరి బిగబట్టమంటాడు, నీళ్లు పుక్కిలించమంటాడు, అప్పటికీ తగ్గకపోతే ముక్కులో దేంతోనైనా కెలుక్కుని తుమ్మమంటాడు. చెప్పి ఊరుకోకుండా, హాస్యకవి వంతు తను తీసుకుని విశ్వంలో సామరస్యం గురించి మహా గంభీరంగా ఉపన్యసిస్తుంటాడు. పక్కన అరిస్టోఫనీసేమో ఎక్కిళ్లు పెడుతూ, పుక్కిలిస్తూ, చివరికి తుమ్ముతూ ఉంటాడు. ప్లేటోకి హాస్యం రాదని ఎవరైనా అంటే నేను ఈ పేజీ చూపిస్తాను. ఆ తర్వాత ఆల్సిబయడీస్ అనే ఏథెన్స్ నాయకుడు తప్పతాగి వచ్చి గిన్నె చాలదని సారాయి చల్లబరిచే పాత్ర తెప్పించి, రెండు లీటర్లకు పైనే ఉంటుంది, ఒక్క గుక్కలో లాగించి, సోక్రటీస్‌కీ అంతే పోయించాడు. సోక్రటీస్ తాగాడు. ఆయనకు ఎక్కదు.

కథ ఎవరు చెబుతున్నారో ఇప్పుడు చూడండి. విందులో ఉన్నది అరిస్టొడీమస్. ఆయన అపొల్లొడోరస్‌కి చెప్పాడు. అపొల్లొడోరస్ ఏళ్ల తర్వాత ఇంకెవరికో చెబుతున్నాడు. పైగా అరిస్టొడీమస్ మధ్యలో నిద్రపోయాడు! తెల్లవారుఝామున కోళ్లు కూస్తుంటే లేచి చూస్తే, ముగ్గురే మేలుకుని ఉన్నారు. అగథాన్, అరిస్టోఫనీస్, సోక్రటీస్. పెద్ద గిన్నె ఒకరి తర్వాత ఒకరికి తిరుగుతోంది. విషాదనాటకం రాయగలిగినవాడే హాస్యమూ రాయగలగాలని సోక్రటీస్ వాళ్లిద్దరి చేతా ఒప్పిస్తున్నాడు. వాదన మొదట్లో ఏం జరిగిందో అరిస్టొడీమస్‌కి తెలీదు, నిద్రలో ఉన్నాడు కదా. ముందు అరిస్టోఫనీస్ కునికాడు, బాగా తెల్లవారాక అగథాన్. సోక్రటీస్ వాళ్లిద్దరినీ సర్ది, లైసియం అనే వ్యాయామశాలకు వెళ్లి స్నానం చేసి, రోజంతా ఎప్పట్లాగే గడిపి, సాయంత్రం ఇంటికెళ్లి పడుకున్నాడు. నాటకం గురించి సోక్రటీస్ చెప్పిన ఆ వాదన మనకు దక్కలేదు. ప్లేటో కావాలనే చేశాడనుకోండి, అయినా ఆ నిద్ర మీద నాకింకా కోపమే.

సోక్రటీస్ మరో శిష్యుడు జెనఫన్ దగ్గర ఎక్కువసేపు ఆగను. ఆయనా ఒక "సింపోజియం" రాశాడు. కలియస్ అనే ధనవంతుడి ఇంట్లో, క్రీస్తుకు పూర్వం 422లో. ఇది వేరే రకం ఇల్లు. పిలవకుండా వచ్చిన విదూషకుడు, పన్నెండు చక్రాలు గాల్లోకి ఎగరేసి పట్టుకుంటూ నాట్యం చేసే పిల్ల, కత్తుల మధ్యనుంచి పల్టీలు. సోక్రటీస్‌కీ క్రిటొబ్యులస్ అనే అందగాడికీ అందాల పోటీ పెడతారు. సోక్రటీస్ వాదన వినండి: నా కళ్లు ముందుకు పొడుచుకొచ్చాయి కాబట్టి పక్కలకి కూడా కనిపిస్తుంది, నీవి ఎదురుగా మాత్రమే చూస్తాయి. నా ముక్కుపుటాలు పైకి తెరుచుకుని ఉన్నాయి, అన్ని వైపుల వాసనా అందుతుంది. కాబట్టి నావే అందమైనవి. ఓట్లు వేశారు. ఒక్కటీ సోక్రటీస్‌కి పడలేదు. (నవ్వులు) నేను అక్కడే ఉన్నానని జెనఫన్ అంటాడు. ఆ ఏడాదికి ఆయన చిన్నపిల్లవాడు. ఈ అబద్ధాన్ని పట్టుకున్నవాడు ఆరువందల ఏళ్ల తర్వాత వచ్చిన అథీనియస్. ఆయన దగ్గరికే వెళ్తున్నాం. దారిలో ఇద్దరున్నారు.

ఒకరు ప్లూటార్క్. గ్రీసులో కైరొనియా అనే చిన్న ఊరివాడు, క్రీస్తుశకం తొలి శతాబ్దం చివరా, రెండో శతాబ్దం మొదలూ. "విందు ప్రశ్నలు" అని తొమ్మిది భాగాల పుస్తకం రాసి రోమన్ మిత్రుడు సోసియస్ సెనెకియోకి అంకితమిచ్చాడు. ఎలా మొదలుపెట్టాడో చూడండి. గ్రీకుల్లో ఒక సామెత ఉంది: "జ్ఞాపకశక్తి ఉన్న తాగుడు స్నేహితుడంటే నాకు అసహ్యం." అంటే రాత్రి జరిగింది పొద్దున్నే ఊరంతా చెప్పేవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోకూడదు. ఈ సామెతతో మొదలుపెట్టి, అన్నీ మరిచిపోవాలంటే స్నేహం ఎక్కడ మిగులుతుందని అడుగుతాడు. ప్లేటో, జెనఫన్, అరిస్టాటిల్, ఎపిక్యురస్ – ఇంతమంది విందు మాటలు రాసిపెట్టారు కదా, అది ప్రయాసపడాల్సిన పనేనని వాళ్లంతా అనుకున్నట్టేగా అంటాడు. అంటే ఆ సామెత ప్రకారం అసహ్యించుకోవలసిన మనిషి తానే అన్నమాట. తెలిసే ఆ పని చేస్తున్నాడు.

ఆ ప్రశ్నలు వింటే మనింటి పెళ్లి భోజనాల దగ్గర కబుర్లు గుర్తుకొస్తాయి. కోడి ముందా గుడ్డు ముందా? ముసలివాళ్లు కాగితం దూరంగా పెట్టుకుని ఎందుకు చదువుతారు? బట్టలు సముద్రపు నీళ్లకంటే మంచినీళ్లతో ఎందుకు బాగా తెల్లబడతాయి? అతిథులు ఎక్కడ కూర్చోవాలో పిలిచినవాడు చెప్పాలా, వాళ్ల ఇష్టానికి వదిలేయాలా? అక్షరమాలలో "ఆల్ఫా" మొదట ఎందుకు వచ్చింది? ఎవరూ ఎవర్నీ ఓడించరు. ఆయన తాతగారు, అన్నదమ్ములు, ఊరి వైద్యులు, గురువులు, అందరూ తలా ఒక కారణం చెబుతారు, ఏది నిజమో తేల్చకుండానే వదిలేస్తారు. తప్పు కారణాలే ఎక్కువ. అయినా చదువుతుంటే ఆ మంచం మీద మనకూ ఒక చోటు ఉన్నట్టుంటుంది.

రెండోవాడు లూషియన్, వ్యంగ్య రచయిత. ఆయన అందరి పరువూ తీశాడు. పెళ్లి విందుకి ఊళ్లో ఉన్న తత్త్వవేత్తలందరినీ పిలిచారు, మాట మాటకీ శమదమాలు బోధించేవాళ్లని. పిలవలేదని ఒకాయన అలిగి పెద్ద ఉత్తరం పంపితే దాన్ని అందరి ముందూ చదివారు. చివర్లో ఎవరి ముందున్న కోడి లావుగా ఉందన్న దగ్గర ఇద్దరు పట్టుకుని లాగి, గడ్డాలు పీక్కుని, గిన్నెలతో కొట్టుకుని, దీపాలార్పేశారు. చదువుకున్నవాళ్ల సభలకు వెళ్లే అలవాటున్న వాళ్లకు ఇందులో అతిశయోక్తి కనబడదు.

ఇక అథీనియస్.

ఈజిప్టులో నైలు నది డెల్టాలో నౌక్రాటిస్ అని పాత గ్రీకు వర్తకుల ఊరు. అక్కడివాడు. క్రీస్తుశకం రెండో శతాబ్దం చివర, మూడో శతాబ్దం మొదట్లో రాశాడు. పుస్తకం పేరు "డెయిప్నొసొఫిస్టాయ్". విందు పండితులు అనొచ్చు, విందులో పండినవాళ్లు అన్నా తప్పులేదు. పదిహేను భాగాలు. రోమ్‌లో లారెన్సిస్ అనే ధనవంతుడైన అధికారి ఇంట్లో విందు. ఈ లారెన్సిస్ నిజంగా ఉన్నవాడే, ఆయన శాసనం రోమ్‌లో దొరికింది. గొప్ప గ్రంథాలయం ఉన్నవాడని పేరు. వచ్చినవాళ్లలో న్యాయవేత్తలు, వైద్యులు, సంగీతజ్ఞులు, వ్యాకరణవేత్తలు. పెర్గమమ్ వైద్యుడు గాలెన్ కూడా అందులో ఉన్నట్టు రాశాడు. వాళ్లలో నాకిష్టమైనవాడు ఉల్పియన్, టైర్ పట్నంవాడు.

ఈయన దగ్గర ఒక జబ్బుంది. వీధిలో, షికార్లో, పుస్తకాల అంగట్లో, స్నానశాలలో ఎక్కడ కనిపించినా ఒకటే ప్రశ్న: "కెయిటాయ్, ఊ కెయిటాయ్?" ఉందా, లేదా? అంటే ఆ మాట పాతవాళ్ల రచనల్లో ఉందా లేదా అని. దీన్ని తెలుగు చేయడానికి నేనేమీ కష్టపడక్కర్లేదు. మన పండితులు తరతరాలుగా అడుగుతున్నదే: "ప్రయోగం ఉందా?" శబ్దరత్నాకరం తీస్తే ఎదురయ్యేది అదే కదా, మాట, అర్థం, కింద కవి ప్రయోగం. ఈ ప్రశ్న ఎంత అడిగాడంటే ఊళ్లో ఉల్పియన్ పేరు పోయి "కెయిటుకెయిటస్" అన్న పేరే మిగిలింది. అంటే "ప్రయోగముందాలేదా" గారు. (నవ్వులు) ప్రయోగం తేలందే ముద్ద ముట్టుకోడు. "తాగుబోతు" అన్న మాట మగవాడికి చెల్లుతుందా? "ఘడియ" అన్న అర్థంలో ఫలానా మాట పాతవాళ్లు వాడారా? అడవిపందిని సమాసం చేసి ఒక్క మాటగా అనొచ్చా? పంది ఎదురుగా పళ్లెంలో ఉంది, పొగలు కక్కుతోంది, ఈయన సమాసం గురించి ఆలోచిస్తున్నాడు.

ఆయనకు ఎదురుగా కినుల్కస్ అని ఒక సినిక్, అంటే లోకమర్యాదల్ని లెక్కచేయని తత్త్వవేత్తల బాపతు. అసలు పేరు థియొడోరస్, కినుల్కస్ అంటే కుక్కలను నడిపించేవాడు. సినిక్కులకు కుక్కల పేరు ఎలాగూ ఉంది. ఈయనకు ఆకలి. మాటలతోనే కడుపు నింపుతున్నారని గోల పెడుతుంటాడు. ఇద్దరికీ పదిహేను భాగాల పొడుగునా పొసగదు.

ఒకచోట వంటవాడు పందిని తెస్తాడు. ఒక పక్క కాల్చింది, ఒక పక్క ఉడికించింది, కడుపు నిండా కూరిన పదార్థాలు. కోసిన గుర్తు ఎక్కడా లేదు! ఎలా చేశావయ్యా అంటే, మారథాన్‌లో ప్రాణాలొడ్డినవాళ్ల మీద ఒట్టు పెట్టి "ఈ ఏడు చెప్పను" అంటాడు. ఆ ఒట్టు ఏథెన్స్ వక్త డెమొస్తెనీస్ మహోపన్యాసంలోది. ఈ ఇంట్లో వంటవాడు కూడా ప్రయోగం లేకుండా మాట్లాడడు! బతిమాలించుకుని చివరికి చెబుతాడు. భుజం కింద చిన్న గాటుతో రక్తం తీసి, పేగులు తీసి కడిగి, నోట్లోంచి కూర్పు నింపాడట. సగం ఒంటికి సారాయీ నూనే కలిపి తడిపిన బార్లీ పిండి మందంగా పట్టించాడట.

నిజం చెప్పాలి కదా, ఈ పుస్తకం చాలాచోట్ల విసుగు. ఏడో భాగంలో చేపలు అకారాది క్రమంలో వస్తాయి. పదకొండో భాగంలో తాగే గిన్నెలు అకారాదిగా వస్తాయి. ఒక్కో గిన్నెకు నలుగురు కవుల సాక్ష్యం. నేను ఆ పదకొండో భాగంలో చిక్కుకుని కొన్ని నెలలు పుస్తకం మూసేశాను. అది విందా, నిఘంటువుకి వేసిన వేషమా అనిపించింది. ఇద్దరు మనుషులు అలా మాట్లాడుకోరు. పళ్లెంలో చేప చల్లారిపోతుంటే ఎవరూ ముప్ఫై పద్యాలు అప్పజెప్పరు.

కానీ ఈ విసుగు పుట్టించే మనిషి ఎనిమిది వందల మందికి దగ్గరగా రచయితల్ని, రెండున్నర వేల దాకా గ్రంథాల్ని ఉటంకించాడు. అందులో చాలా భాగం ఇప్పుడు లేవు. అలెక్సిస్, ఆంటిఫనీస్, ఇందాక చెప్పిన యూబ్యులస్, ఏథెన్స్ నడిమికాలపు హాస్యనాటకమంటారే, ఆ బాపతు నాటకాలు తాను ఎనిమిది వందలకు పైగా చదివి ఎత్తి రాసుకున్నానని ఈ పుస్తకంలో ఒకాయన అంటాడు. వాళ్ల ముగ్గురిదీ ఒక్క నాటకం కూడా మనదాకా పూర్తిగా రాలేదు. మనకున్న ముక్కల్లో పెద్ద వాటా ఈ విందు బల్ల మీద నుంచి రాలినవే. దాంతో ఒక తమాషా జరిగింది. తిండి సందర్భంలో ఉటంకించాడు కాబట్టి తిండి ముక్కలే మిగిలాయి. అందుకని ఆ నాటకాలు చదివితే నిండా వంటవాళ్లూ చేపలమ్మేవాళ్లే ఉన్నట్టు కనిపిస్తారు. ఎవరైనా మన ప్రబంధాలన్నీ పోగొట్టి, ఒక్క భోజనవర్ణనలు మాత్రం మిగిల్చారనుకోండి, మనవాళ్లు ఏమీ చేయలేదు, తిన్నారంతే అనుకుంటారు తరవాతివాళ్లు.

ఆర్కెస్ట్రాటస్ సంగతీ అంతే. సిసిలీలో గెలా పట్నంవాడు, క్రీస్తుపూర్వం 4వ శతాబ్దం. ఏ ఊళ్లో ఏ చేప బాగుంటుందో, ఏ నెలలో కొనాలో హోమర్ ఛందస్సులో కావ్యం రాశాడు. ట్రాయ్ యుద్ధం రాసిన ఛందస్సులో ఈల్ చేప బేరం! మిగిలింది మూడు వందల పైచిలుకు పాదాలు, దాదాపు మొత్తం అథీనియస్ పుణ్యమే. మిలేటస్ ఊరి చేపను వండేటప్పుడు సిరక్యూజ్ వాణ్ణి గానీ ఇటలీ వాణ్ణి గానీ దగ్గరికి రానివ్వొద్దంటాడు. చీజ్ దట్టించి, వెనిగర్ పోసి, సిల్ఫియమ్ ముంచి పాడుచేస్తారట. సిల్ఫియమ్ అంటే మన ఇంగువకు దగ్గరి చుట్టం. అది దొరకడం మానేశాక రోమన్లు దాని బదులు ఇంగువే వాడారు. మంచి చేపకు ఉప్పూ నూనే చాలన్న పట్టుదల ఈయనది. ఈ విషయంలో మా గోదావరి వైపు వాళ్లు ఒప్పుకోరు. (నవ్వులు)

సిబారిస్ అనే ఊళ్లో ఒక చట్టం గురించి కూడా ఇందులోనే ఉంది. ఏ వంటవాడైనా కొత్త వంటకం కనిపెడితే ఏడాదిపాటు దాన్ని ఇంకెవరూ చేయకూడదు. పేటెంటు హక్కుల గురించి రాసేవాళ్లు ఇప్పటికీ దీన్ని తలుస్తుంటారు. ఫిలోక్సినస్ అనే భోజనప్రియుడి కథా ఇక్కడిదే. సిరక్యూజ్‌లో రెండు మూరల ఆక్టోపస్ కొని తల తప్ప మొత్తం తినేశాడు. కడుపు ఉబ్బింది. వైద్యుడొచ్చి, ఏదైనా సర్దుకోవలసింది ఉంటే త్వరగా సర్దుకో, ఏడో గంటకు నువ్వుండవన్నాడు. ఫిలోక్సినస్ తన కావ్యాలను దేవతలకు అప్పగించాడు. ఇక వెళ్లాలి, పరలోకానికి దాటించే పడవవాడు పిలుస్తున్నాడు, నావన్నీ నాతో తీసుకెళ్లాలి కదా, "ఆ మిగిలిన తల ఇటు ఇవ్వండి" అన్నాడు.

ఇంతమందిని గుర్తుపెట్టుకున్న పుస్తకం తానెలా బతికిందంటారా? ఒక్క ప్రతి. పదో శతాబ్దంలో నకలు రాసింది. 1423లో ఔరిస్పా అనే ఇటలీ పండితుడు కాన్‌స్టాంటినోపుల్ నుంచి తెచ్చిన పుస్తకాల మూటల్లో అది వెనిస్ చేరింది. తర్వాత కార్డినల్ బెస్సరియన్ చేతికొచ్చింది. 1468లో ఆయన తన గ్రంథాలన్నీ వెనిస్‌కి రాసిచ్చాడు. ఇప్పటికీ అక్కడి మార్చియానా గ్రంథాలయంలో ఉంది. మిగతా పూర్తి ప్రతులన్నీ దీన్నుంచి పుట్టినవే. దీనికి మొదటి రెండు భాగాలూ, మూడో భాగం మొదలూ లేవు. వాటికి ఎవరో బైజాంటియన్ కాలంలో చేసిన సంగ్రహమే దిక్కు. ఇందాక యూబ్యులస్ గంగాళాలు, ఆక్రగాస్ ఓడ చెప్పాను చూడండి, ఆ రెండూ ఆ సంగ్రహంలోంచే. 1514లో వెనిస్‌లో ఆల్డస్ అచ్చువేశాడు. ఆ శతాబ్దం చివర కసాబన్ అనే మహా పండితుడు దీనితో కుస్తీపట్టి 1597లో కొత్తగా ప్రచురించాడు. ఇప్పటికీ మనం ఆయన పేజీ అంకెలతోనే ఉటంకిస్తాం. ఆయనకీ పదకొండో భాగం దగ్గర ఏమనిపించిందో అడగాలనిపిస్తుంది నాకు.

ఒక్క చివరి దృశ్యం చెప్పి కూర్చుంటాను. ఉల్పియన్ ఏమయ్యాడు? పదిహేనో భాగంలో, పూలదండల గురించి పెద్ద చర్చ నడిచాక, ఉల్పియన్ మాట ముగించిన చోట అథీనియస్ మధ్యలో తానే ఒక వాక్యం చెబుతాడు. తన మౌనాన్ని తానే ముందుగా చెప్పుకున్నట్టుగా, ఎన్నో రోజులు కాకముందే ఆయన హాయిగా పోయాడనీ, జబ్బుకు ఏ కాస్త సమయమూ ఇవ్వలేదనీ, స్నేహితులమైన మాకు మాత్రం చాలా దుఃఖం మిగిల్చాడనీ. రోమన్ న్యాయశాస్త్రంలో ప్రసిద్ధుడైన ఉల్పియనే ఈయనని కొందరన్నారు. ఆయన సైనికుల చేతిలో చచ్చాడు, ఈ "హాయిగా" కుదరదు. ఎవరైతేనేం. పదిహేను భాగాలుగా ప్రయోగం ఉందా అని అడిగిన మనిషికి అథీనియస్ పెట్టిన నివాళి ఆ ఒక్క వాక్యం. ఏడుపు లేదు, ప్రశంస లేదు.

ఆ వెంటనే విందు మళ్లీ మొదలవుతుంది. ఒక బానిస కుర్రవాడు బంగారు పాత్రల్లో అత్తరు తీసుకుని లోపలికొస్తాడు. కినుల్కస్ అప్పటికి కునుకు తీస్తుంటాడు. ఎవరో చూసి, ఆ అత్తరు దోసిలికెత్తి ఆయన మొహానికంతా పూసేస్తారు. ఆయన ఉలిక్కిపడి లేచి తిట్లు లంకించుకుంటాడు. ఆ పైన అత్తరు గురించి కవుల ప్రయోగాలు.

నమస్కారం. టీ వచ్చినట్టుంది.